షుగర్ పేషెంట్ల కంటికి లేజర్.. చూపు పెరుగుతుందా, తగ్గుతుందా? రెటీనాలో అసలు జరిగేది ఇదీ..

కంటి ఆసుపత్రి వరండాల్లో తరచూ వినిపించే మాట ఇది. "లేజర్ పెట్టించుకోకముందే నయం.. పెట్టించుకున్నాక చూపు ఇంకా తగ్గింది." ఆ మాట పక్కనే కూర్చున్న మరో షుగర్ పేషెంట్ చెవిన పడుతుంది. తన వంతు వచ్చేలోపే ఆయన లేచి ఇంటికి వెళ్లిపోతాడు. లోపల డాక్టరేమో లేజర్ చేయకపోతే చూపు పోతుందని చెబుతుంటారు. మరి ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలి?

నిజానికి ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. షుగర్ వల్ల దెబ్బతిన్న కంటికి చేసే లేజర్, చూపును పెంచే చికిత్స కాదు. రెటీనాలో కొంత భాగాన్ని కావాలనే కాల్చేసి, మిగతా భాగాన్ని కాపాడే చికిత్స. ఈ విషయం ముందే తెలిస్తే సగం భయం, సగం కోపం తగ్గుతాయి. తెలియక మధ్యలో మానేసినవాళ్లే ఎక్కువగా నష్టపోతున్నారు.

లేజర్ అనే మాటతోనే తంటా

మనవాళ్లకు లేజర్ అనగానే గుర్తొచ్చేవి వేరే ఉన్నాయి. కళ్లజోడు తీసేయడానికి చేసే లాసిక్ ఒకటి. శుక్లం ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్లకు లెన్స్ వెనక పొర మసకబారితే, దానికి రంధ్రం చేసే యాగ్ లేజర్ మరొకటి. ఈ రెండో దాంట్లో ఒకట్రెండు రోజుల్లోనే చూపు తేటపడుతుంది. అందుకే ఇంట్లో బాబాయో, పిన్నో "నాకూ లేజర్ కొట్టారు, మర్నాడే పేపర్ చదివేశా" అని చెబుతారు. అది విని రెటీనా లేజర్‌కు వచ్చినవాళ్లు కూడా అలాగే జరుగుతుందనుకుంటారు. పేరు ఒకటే, పని పూర్తిగా వేరు.

షుగర్ కంట్లో ఏం చేస్తుంది?

కంటి వెనక గోడకు లోపలివైపు పరుచుకుని ఉండే పల్చటి పొరే రెటీనా. కెమెరాలో ఫిల్మ్ లాంటిది. అందులో వెంట్రుక కన్నా సన్నటి రక్తనాళాలు ఉంటాయి. ఏళ్ల తరబడి షుగర్ ఎక్కువగా ఉంటే వీటి గోడలు బలహీనపడతాయి. కొన్నిచోట్ల బుడిపెల్లా ఉబ్బుతాయి. కొన్నిచోట్ల నీరు, కొవ్వు పదార్థం కారుతాయి. ఇంకొన్ని పూర్తిగా మూసుకుపోతాయి. దీన్నే డయాబెటిక్ రెటినోపతి అంటారు.

ఇక్కడి నుంచి ప్రమాదం రెండు దారుల్లో వస్తుంది. చదవడానికి, ముఖాలు గుర్తుపట్టడానికి పనికొచ్చే రెటీనా మధ్య భాగాన్ని మాక్యులా అంటారు. అక్కడ నీరు చేరితే చూపు మసకబారుతుంది. ఇది మాక్యులర్ ఎడిమా. రెండోది ఇంకా మొండిది. రక్తనాళాలు మూసుకుపోయిన చోట రెటీనాకు ఆక్సిజన్ అందదు. అప్పుడది వీఈజీఎఫ్ అనే రసాయనాన్ని విడుదల చేస్తుంది. 'ఇక్కడ రక్తం చాలట్లేదు, కొత్త నాళాలు కావాలి' అన్న సంకేతమన్నమాట. కొత్త నాళాలు పుట్టుకొస్తాయి కూడా. కానీ అవి నాసిరకం. చిన్న కదలికకే చిట్లిపోతాయి. కంటి లోపలి జెల్లీలోకి రక్తం చిమ్ముతుంది. ఆ నాళాల వెంట పీచులాంటి కండ పెరిగి రెటీనాను లాగేస్తుంది, చివరికి గోడ నుంచి ఊడదీస్తుంది. ఒక్కోసారి ఇవి కంటి ముందు భాగంలోకీ పాకి, కంట్లో నీరు బయటికి పోయే దారిని మూసేస్తాయి. అప్పుడు కంటి ప్రెషర్ విపరీతంగా పెరిగి, భరించలేని నొప్పి వస్తుంది.

దారుణం ఏంటంటే, ఇంత జరుగుతున్నా చాలామందికి చూపు బాగానే ఉంటుంది. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. బోర్డు మీద చివరి లైను కూడా చదివేస్తారు. అలాంటి కంటికి లేజర్ చేయాలంటే ఎవరికైనా అనుమానమే. 'బాగున్న కంటిని పాడు చేస్తారా' అనే ప్రశ్న పుట్టేది ఇక్కడే.

కాల్చడం వల్ల కాపాడటం ఎలా?

రెటీనాలో అందరికన్నా ఎక్కువ ఆక్సిజన్ వాడుకునేవి వెలుతురును పట్టే కణాలు. రాడ్స్, కోన్స్ అంటారు. ముఖ్యంగా చీకట్లో వీటి వాడకం ఇంకా పెరుగుతుంది. లేజర్ కాంతి, సాధారణంగా ఆకుపచ్చ రంగుది, కంటిపాప గుండా లోపలికి వెళ్లి రెటీనా అడుగున ఉన్న నల్లటి రంగు పొరలో ఆగుతుంది. అక్కడ వేడి పుట్టి, ఆ పొరా, దానికి ఆనుకుని ఉన్న కణాలూ ఆ చుక్క మేర కాలిపోతాయి. అక్కడ ఆక్సిజన్ తాగేవాళ్లు లేరు కాబట్టి, రెటీనా వెనక నుంచి వచ్చే ఆక్సిజన్ ఆ మచ్చల గుండా లోపలి పొరలకు చేరుతుంది. కరువు తగ్గుతుంది. వీఈజీఎఫ్ తగ్గుతుంది. కొత్త నాళాలు వారాల వ్యవధిలో ముడుచుకుపోతాయి.

మన రైతులకు ఇది చెప్పాల్సిన పని లేదు. కాలవలో నీళ్లు సరిపోవని తేలినప్పుడు పదెకరాలూ ఎండబెట్టుకునేవాడు ఎవరూ ఉండడు. అంచున ఉన్న రెండున్నర ఎకరాలు వదిలేసి, ఆ నీళ్లు నడిమి పొలానికి మళ్లిస్తాడు. రెటీనాలో నడిమి పొలం మాక్యులా. దాన్ని తాకకుండా చుట్టూ ఉన్న భాగంలోనే చుక్కలు పెడతారు. దీన్ని పాన్ రెటినల్ ఫోటోకోయాగ్యులేషన్, క్లుప్తంగా పీఆర్‌పీ అంటారు.

ఎన్ని చుక్కలు? మామూలు పద్ధతిలో ఒక్కో కంటికి దాదాపు 1,200 నుంచి 1,600. ఒక్కో చుక్క అర మిల్లీమీటరు. లెక్క కడితే రెటీనా వైశాల్యంలో ఇంచుమించు నాలుగో వంతు. చిన్న మొత్తం కాదు. 'లేజర్ వల్ల ఏమీ కాదండీ' అని ఎవరైనా అంటే, అది ధైర్యం చెప్పడమే తప్ప పూర్తి నిజం కాదు.

ఈ ఐడియా ఎవరికి వచ్చింది?

కథ సూర్యగ్రహణంతో మొదలైంది. 1945 జులైలో జర్మనీలో గ్రహణాన్ని నేరుగా చూసి రెటీనా కాల్చుకున్న ఓ మెడికల్ స్టూడెంట్ కంటిని గెర్హార్డ్ మేయర్ ష్విక్కెరాత్ అనే డాక్టర్ పరిశీలించారు. ఎండ అంత కచ్చితంగా ఒకేచోట కాల్చగలిగితే, దాన్నే వైద్యానికి వాడొచ్చు కదా అనిపించింది. అద్దాలతో సూర్యకాంతిని పేషెంట్ కంట్లోకి మళ్లించి ప్రయత్నించారు. మబ్బు పడితే వైద్యం బంద్! తర్వాత జీస్ కంపెనీతో కలిసి జినాన్ దీపం వాడారు. 1960లో లేజర్ పుట్టాక పని తేలికైంది.

షుగర్ కంటికి ఇది పనికొస్తుందన్న ఆలోచనకు ఆధారం మరో వింత పరిశీలన. వేరే జబ్బుల వల్ల అప్పటికే రెటీనా నిండా పాత మచ్చలు ఉన్న షుగర్ పేషెంట్లలో రెటినోపతి అంతగా ముదరడం లేదని అమెరికాలోని బోస్టన్‌లో బీథమ్, ఐయెల్లో అనే డాక్టర్లు గమనించారు. మచ్చలే కాపాడుతున్నాయంటే, మనమే మచ్చలు పెడితే పోలా?

దీన్ని తేల్చడానికి అమెరికా 1970ల్లో పెద్ద పరీక్షే పెట్టింది. పేరు డయాబెటిక్ రెటినోపతి స్టడీ. 1,700 మందికి పైగా పేషెంట్లు. ఒక్కొక్కరికి ఒక కంటికి కాంతి చికిత్స, రెండో కంటికి ఏమీ లేదు. అదే మనిషి, అదే షుగర్, అదే బీపీ. ఇంతకన్నా న్యాయమైన పోలిక ఉండదు. 1976లో వచ్చిన ఫలితం చూసి డాక్టర్లే ఆశ్చర్యపోయారు. రెండేళ్లలో చికిత్స లేని కళ్లలో 16.3 శాతం తీవ్రంగా చూపు కోల్పోతే, చికిత్స చేసిన కళ్లలో అది 6.4 శాతమే. ప్రమాదం ఎక్కువగా ఉన్నవారి రెండో కంటికీ వెంటనే చికిత్స చేయొచ్చంటూ స్టడీ నిబంధనలనే మార్చేశారు.

కుర్చీలో కూర్చున్నాక..

కంటిపాప పెద్దది కావడానికి చుక్కల మందు వేస్తారు. తర్వాత కన్ను మొద్దుబారడానికి మరో చుక్క. గడ్డం స్టాండ్ మీద ఆనించి, కంటి మీద ఓ లెన్స్ పెడతారు. ఆ తర్వాత మెరుపులు. ఒకటి, రెండు కాదు, వందల కొద్దీ. చాలామందికి మెరుపుల కన్నా నొప్పి ఇబ్బంది. కంటికి రెండు పక్కలా, నరాలు వెళ్లే చోట చుక్క పడినప్పుడు చురుక్కుమంటుంది. ఓర్చుకోలేకపోతే ఆగమని చెప్పొచ్చు, కంటి పక్కన మత్తు ఇంజెక్షన్ అడగొచ్చు. పంటి బిగువున భరించి, రెండో సిట్టింగ్‌కు రాకుండా పోవడం కన్నా అదే నయం.

ఇప్పుడొస్తున్న ప్యాటర్న్ మెషీన్లు ఒక్కసారి నొక్కితే వరసగా చాలా చుక్కలు పెడతాయి. ఒక్కో చుక్క సమయం తక్కువ, నొప్పీ తక్కువ. కాకపోతే మచ్చలు చిన్నవి కాబట్టి ఎక్కువ చుక్కలు అవసరమవుతాయి. పని మొత్తం సాధారణంగా రెండు నుంచి నాలుగు సిట్టింగుల్లో, మధ్యలో వారమో రెండు వారాలో గ్యాప్ ఇచ్చి పూర్తి చేస్తారు. ఒకేరోజు అంతా కాల్చేస్తే మాక్యులాలో వాపు పెరిగే అవకాశం ఎక్కువ.

అదేరోజు చూపు మసకగా, చీకటిగా ఉంటుంది. కొందరికి కాసేపు అన్నీ వేరే రంగులో కనిపిస్తాయి. మెరుపుల దెబ్బ, పెద్దదైన కంటిపాప దీనికి కారణం. చాలామందికి ఒకట్రెండు రోజుల్లో సర్దుకుంటుంది. ఆ రోజు బండి నడపకూడదు, తోడు ఎవరైనా ఉండాలి. ఉపవాసంతో వెళ్లక్కర్లేదు. పైగా షుగర్ మాత్ర వేసుకుని తినకుండా వెళితే ఆసుపత్రి క్యూలోనే కళ్లు తిరిగి పడిపోతారు.

మరి శాశ్వతంగా ఏం పోతుంది?

అసలు విషయం ఇదే. చుట్టూ ఉన్న భాగంలో కణాలు పోయాయి కాబట్టి, పక్క చూపు కొంత తగ్గుతుంది. నేరుగా చూస్తే బోర్డు అంతా కనిపిస్తుంది, కానీ పక్క సందులోంచి వచ్చే స్కూటర్ ఆలస్యంగా కళ్లబడుతుంది. చీకట్లో చూడటానికి పనికొచ్చే రాడ్స్ ఎక్కువగా ఉండేదీ ఆ భాగంలోనే. అందుకే రాత్రి చూపు దెబ్బతింటుంది. కరెంటు పోయినప్పుడు, సినిమా హాల్లో మెట్లు ఎక్కేటప్పుడు, సాయంత్రం మసక వెలుతురులో పొలం గట్టు మీద నడిచేటప్పుడు తేడా తెలుస్తుంది. వెలుతురు నుంచి చీకట్లోకి వెళితే కళ్లు అలవాటు పడటానికి ఎక్కువ సేపు పడుతుంది. ఎదురుగా వచ్చే లారీ హెడ్‌లైట్ పడితే కాసేపు ఏమీ కనబడదు.

ఇంకో చిన్న సమస్య నడివయసు కన్నా చిన్నవాళ్లకే తెలుస్తుంది. దగ్గరి వస్తువు మీద చూపు నిలపడానికి సాయపడే నరాలు రెటీనా వెనక నుంచే వెళతాయి. వాటికి వేడి తగిలితే ఫోన్ చదవడం కష్టమవుతుంది. కొందరికి కొన్నాళ్లలో తగ్గుతుంది, కొందరికి చదివే అద్దాలు కావాలి.

మాక్యులాలో అప్పటికే నీరు ఉంటే, లేజర్ తర్వాత కొన్నాళ్లు ఆ వాపు పెరగొచ్చు. 'లేజర్ వల్ల చూపు తగ్గింది' అనేవారిలో చాలామంది కథ ఇదే. అందుకే జాగ్రత్తపరులైన డాక్టర్లు ముందు ఓసీటీ స్కాన్ తీస్తారు. వాపు ఉంటే ముందుగానో, లేజర్‌తో పాటుగానో ఇంజెక్షన్ ఇస్తారు.

లేజర్ తర్వాత కంట్లో రక్తం కారడం ఇంకో భయం. కొత్త నాళాలు ముడుచుకుపోయేటప్పుడు లాగుడుకు చిట్లి రక్తం రావొచ్చు. లేజర్ పనిచేయలేదని దానర్థం కాదు, పూర్తిగా పనిచేయడానికి ఇంకా టైం పడుతోందని. కొందరికి అదనంగా మరికొన్ని చుక్కలు కావాల్సి వస్తుంది. కానీ ఒక్కసారిగా నల్లటి చుక్కలు, సాలెగూడు లాంటి పోగులు తేలుతున్నా, తెర దించినట్టు ఒకవైపు చీకటి కమ్మినా మాత్రం వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు. అదేరోజు వెళ్లాలి.

ఆలస్యం చేస్తే లేజర్ అవకాశం కూడా చేజారుతుంది. కంటి నిండా రక్తం కమ్మేస్తే లేజర్ కాంతి రెటీనాకు చేరదు. అప్పుడిక మిగిలేది విట్రెక్టమీ అనే పెద్ద ఆపరేషన్. అందులోనూ రక్తం శుభ్రం చేశాక లోపలి నుంచి పెట్టేది లేజరే. తప్పించుకుందామనుకున్నది తప్పదు, ఖర్చు, రిస్కు మాత్రం పెరుగుతాయి.

మాక్యులాకు పెట్టే లేజర్ సంగతి?

ఇది వేరే రకం. నీరు కారుతున్న బుడిపెలను గురి చూసి తక్కువ శక్తితో కొద్ది చుక్కలే పెడతారు. 1985లో అమెరికాలోని ఈటీడీఆర్ఎస్ స్టడీ మూడేళ్లలో చూపు తగ్గేవారి శాతాన్ని ఇది 24 నుంచి 12కు తగ్గించిందని చూపింది. చాలా ఏళ్లు ఇదే దిక్కు. ఇప్పుడు మాక్యులా నట్టనడుమ వాపు వచ్చి చూపు తగ్గితే మొదటి మందు ఇంజెక్షనే. వీఈజీఎఫ్‌ను అడ్డుకునే మందును నేరుగా కంట్లోకి ఎక్కిస్తారు. లేజర్‌లా ఉన్నదాన్ని నిలబెట్టడమే కాదు, చాలామందికి ఇది పోయిన చూపులో కొంత తిరిగి తెస్తుంది. మాక్యులా లేజర్ ఇప్పుడు నడిమధ్యకు కాస్త దూరంగా ఉన్న లీకులకు, ఇంజెక్షన్లతో లొంగని వాపుకు పరిమితమవుతోంది.

అయితే అందరికీ ఇంజెక్షన్లే ఇవ్వొచ్చుగా?

మంచి ప్రశ్నే. కొత్త నాళాలు పుట్టిన కళ్లకు పీఆర్‌పీ బదులు ఇంజెక్షన్లు ఇస్తే ఎలా ఉంటుందని అమెరికాలో 'ప్రొటోకాల్ ఎస్' పేరుతో పరీక్షించారు. 2015లో వచ్చిన రెండేళ్ల ఫలితాల్లో ఇంజెక్షన్లు లేజర్‌కు తీసిపోలేదు. పక్క చూపు నష్టం వాటిలో తక్కువ. ఐదేళ్లకు చూసినా చదివే చూపులో రెండు గ్రూపులూ ఇంచుమించు సమానం. కాగితం మీద చూస్తే ఇంజెక్షన్లదే పైచేయి.

కానీ ఒక మెలిక ఉంది. ఐదేళ్ల దాకా వచ్చి చూపించుకున్నవాళ్లు మూడింట రెండొంతులే. అంత కట్టుదిట్టంగా ఫోన్లు చేసి పిలిచే స్టడీలోనే ఇలా ఉంటే, బయట సంగతి చెప్పేదేముంది? ఇంజెక్షన్ మందు కంట్లో కొన్ని వారాలే ఉంటుంది. మొదట్లో నెలనెలా రావాలి. మానేస్తే వీఈజీఎఫ్ మళ్లీ పెరుగుతుంది, నాళాలు మళ్లీ లేస్తాయి. మధ్యలో ఆరు నెలలకు పైగా రాకుండా పోయినవారి మీద 2019లో అమెరికాలోనే వచ్చిన ఓ పరిశీలనలో, ఇంజెక్షన్లు మాత్రమే తీసుకున్న కళ్లలో రెటీనా ఊడిపోవడం లేజర్ చేయించుకున్న కళ్ల కన్నా చాలా ఎక్కువగా కనిపించింది. లేజర్ మచ్చ పేషెంట్ వచ్చినా రాకపోయినా తన పని తాను చేస్తూనే ఉంటుంది.

మన దగ్గర ఇది చిన్న విషయం కాదు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవారు 10.1 కోట్ల మంది. 40 ఏళ్లు దాటిన షుగర్ పేషెంట్లలో 12.5 శాతానికి రెటినోపతి, 4 శాతానికి చూపును ముప్పులో పడేసే దశ ఉందని 2022లో మరో దేశవ్యాప్త సర్వే తేల్చింది. వీళ్లలో ఎంతమంది నెలనెలా బస్సెక్కి సిటీకి రాగలరు? నాట్లు, కోతలు, పిల్లల ఫీజులు, తోడు రావడానికి కొడుకు సెలవు.. ఏదో ఒకటి అడ్డం పడుతుంది. డయాలసిస్‌లో ఉన్నవారికైతే వారంలో రెండు మూడు రోజులు అక్కడే పోతాయి. క్రమం తప్పకుండా రాగలిగినవాళ్లకు ఇంజెక్షన్ మంచి దారే. రాలేనివాళ్లకు పక్క చూపులో కొంత వదులుకుని లేజర్ పూర్తి చేయించుకోవడమే భద్రం. డాక్టర్ 'ఏది కావాలి' అని అడిగినప్పుడు మొహమాటపడి 'మీ ఇష్టం సార్' అనేయకుండా, 'నెలనెలా రాలేనండీ' అని నిజం చెప్పేయడం చాలా అవసరం. ఆ ఒక్క మాటతో చికిత్స ప్లానే మారిపోవచ్చు.

పని రాత్రిపూట అయితే అదీ ముందే చెప్పాలి. లారీ, ఆటో, క్యాబ్ డ్రైవర్లకు, నైట్ వాచ్‌మన్లకు రాత్రి చూపు తగ్గడమంటే జీతం తగ్గడమే. రెండు కళ్లకూ పూర్తి లేజర్ అయ్యాక రాత్రి డ్రైవింగ్‌కు ముందు ఫీల్డ్ టెస్ట్ చేయించుకోవాలి. బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లకైతే రెండు కళ్లకూ రెటీనా లేజర్ అయితే డ్రైవింగ్ లైసెన్స్ ఇచ్చే డీవీఎల్ఏకు చెప్పి తీరాలన్న నిబంధనే ఉంది.

లేజర్ అయిపోయింది కదా అని షుగర్ మాత్ర ఆపేసినా, బీపీ వదిలేసినా రెటీనాలో మిగిలిన నాళాలు మళ్లీ అదే దారి పడతాయి. సిట్టింగులన్నీ పూర్తయ్యాక మొదటి ఏడాదిలో కొన్ని నెలలకోసారి చూపించుకోమంటారు. కొత్త నాళాలు ముడుచుకోకపోతే పాత మచ్చల మధ్య ఖాళీల్లో మరికొన్ని చుక్కలు పెడతారు. ఏ కంటికి ఎన్నో సిట్టింగ్, ఎన్ని చుక్కలు పెట్టారనేది ఆసుపత్రి చీటీ మీద రాసి ఉంటుంది. వేరే ఊళ్లో, వేరే డాక్టర్‌కు చూపించాల్సి వస్తే ఆ చీటీని, ఓసీటీ ప్రింటును వెంట తీసుకెళ్లండి. ఇంకా ఎన్ని చుక్కలు అవసరమో ఆయన వాటిని చూసే లెక్కేస్తారు.